పాత ఎన్నికల బటన్లు: అంచు చదవడం దగ్గర్నుంచి అమ్మడం దాకా

అమెరికాలో ఏ ఊళ్లో ఫ్లీ మార్కెట్‌కి, అంటే పాత వస్తువుల సంతకి, వెళ్లినా ఏదో ఒక బల్ల మీద బిస్కెట్ల డబ్బా నిండా పాత పిన్నులు ఉంటాయి. మనం బ్యాడ్జీలు అంటాం, వాళ్లు బటన్లు అంటారు. ఒకదాని మీద కెన్నెడీ నవ్వుతుంటాడు. ఇంకోదాని మీద నిక్సన్ పేరు. ఇంకోటి ఏదో ఊరి వందేళ్ల పండగది. ఒక్కోటి రెండు డాలర్లు అని అట్టముక్క మీద రాసి పెడతారు. డబ్బాలో చాలావాటికి ఆ రెండు డాలర్లే ఎక్కువ. అప్పుడప్పుడు మాత్రం వాటి మధ్య నూరేళ్ల నాటి నిజమైన సరుకు ఒకటి ఇరుక్కుని ఉంటుంది.

నేను ఉద్యోగం మీద న్యూజెర్సీ వచ్చాక వీటి మీద ఇష్టం పెంచుకున్నాను. మొదటి ఏడాది ఒక పాత వస్తువుల షాపులో అధ్యక్షుడు మెకిన్లీ బొమ్మ ఉన్న బటన్ 45 డాలర్లు పెట్టి కొన్నాను. 1896 ఎన్నికల నాటిదని అమ్మినాయన చెప్పాడు. ఇంటికొచ్చి భూతద్దం పెట్టి చూస్తే, అంచు మీద రంగు గోకేసిన చోట '1972' అనే అంకెలు సగం సగం కనిపించాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డబ్బు పోయినందుకన్నా, షాపులోనే కనిపించే అంకెల్ని తిప్పి చూడకపోయానే అన్న బాధ ఎక్కువ. అందుకే ఇక్కడ బటన్ ముఖం గురించి తక్కువ, అంచు గురించి, వీపు గురించి ఎక్కువ చెప్తాను.

ముందు బటన్ ఎలా తయారయ్యేదో తెలుసుకోండి

ఇది తెలియకుండా ఏది ఏ కాలానిదో చెప్పలేం. 1789లో వాషింగ్టన్ మొదటి అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు జనం పెట్టుకున్నవి నిజంగానే కోటు గుండీలు, ఇత్తడివి. బటన్ అన్న పేరు అప్పటి నుంచే. 1860లో లింకన్ ఎన్నికకి సన్నటి ఇనుప రేకు మీద తీసిన చిన్న ఫోటోల్ని ఇత్తడి చట్రంలో బిగించి పెట్టుకున్నారు. ఈ రెండు రకాలూ డబ్బాల్లో దొరికేవి కావు. దొరికాయని ఎవరైనా అంటే ముందు అనుమానించండి.

మనకి కావలసిన కథ 1896లో మొదలవుతుంది. న్యూజెర్సీలోని నూవర్క్‌లో వైట్‌హెడ్ అండ్ హోగ్ అనే కంపెనీ ఉండేది. అచ్చువేసిన గుండ్రటి కాగితం మీద పారదర్శకమైన సెల్యులాయిడ్ పొర వేసి, రెంటినీ కలిపి రేకు బిళ్ల మీద పరిచి, అంచులు వెనక్కి మడిచి, లోపల ఒక రింగు బిగించే పద్ధతిని ఆ కంపెనీ పేటెంటు చేయించింది. ఆ రింగులోనే తీగ పిన్ను కూర్చుంటుంది. వెనక గుంటలో కంపెనీ పేరు, పేటెంటు తేదీలు ఉన్న చిన్న కాగితం అంటిస్తారు. సేకరించేవాళ్లు ఈ రకాన్ని 'సెల్లో' అంటారు. చౌకగా, రంగురంగుల్లో, లక్షల్లో తయారుచేయగలిగేసరికి అదే ఏడాది జరిగిన రిపబ్లికన్ మెకిన్లీ, డెమొక్రాట్ బ్రయన్ పోటీ అమెరికాలో మొదటి బటన్ల ఎన్నిక అయింది.

ఆ ఎన్నిక గురించి కొంచెం ఎక్కువ చదవండి, ఎందుకంటే బటన్ల మీద బొమ్మలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. నాణేలకి బంగారం ఒక్కటే ఆధారమా, వెండి కూడానా అన్నది అప్పటి గొడవ. బ్రయన్ వెండి వైపు. పదహారు పాళ్ల వెండికి ఒక పాలు బంగారం అన్న లెక్కతో '16 టు 1' అని వాళ్ల బటన్ల మీద ఉంటుంది. మెకిన్లీ వాళ్లు బంగారు పురుగు ఆకారంలో పిన్నులు చేయించారు. కొన్నిటిని నొక్కితే రెక్కలు విచ్చుకుని లోపల మెకిన్లీ, ఆయన జోడీగా ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ హోబర్ట్ ఫోటోలు బయటపడతాయి. నూటపాతికేళ్లు దాటినా స్ప్రింగు పనిచేసే పురుగు ఒకటి నా చేతిలో పడినప్పుడు చాలాసేపు దాన్ని మూసి తెరుస్తూ కూర్చున్నాను.

రెండో రకం 'లితో'. ఇందులో కాగితం, పొర ఏవీ ఉండవు. రేకు మీదే నేరుగా అచ్చు వేసి బిళ్లలుగా కొట్టేస్తారు. ఎన్నికల్లో ఇవి విరివిగా వాడకంలోకి వచ్చింది 1920 నుంచి. గోరుతో అంచు తడిమితే తేడా తెలుస్తుంది. సెల్లో మీద పొర నున్నగా, కొంచెం మెత్తగా తగులుతుంది. లితో మీద రేకు చల్లదనమే తగులుతుంది, గీతపడిన చోట లోహం మెరుస్తుంది. మొదట్లో ఒక పది బటన్లు పట్టుకుని చూస్తే ఇక మర్చిపోరు.

ఏం పోగుచేయాలో తేల్చుకోండి

కనపడిందల్లా కొంటే ఆరునెలల్లో డబ్బా నిండుతుంది, ఏదీ తెలియదు. ఒక గీత గీసుకోండి. ఒక ఎన్నిక, ఒక నాయకుడు, ఒక రాష్ట్రం, ఒక ఉద్యమం, ఏదైనా సరే. స్త్రీల ఓటు హక్కు పోరాటం నాటి 'వోట్స్ ఫర్ విమెన్' పిన్నులు మాత్రమే సేకరించేవాళ్లున్నారు. పౌర హక్కుల ఉద్యమం ఒక్కటే చూసేవాళ్లున్నారు. 1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో జరిగిన మహాప్రదర్శనకి నల్ల చెయ్యి, తెల్ల చెయ్యి కలిసిన బటన్ చేయించి, ఖర్చుల కోసం 25 సెంట్లకి అమ్మారు. ఆ రోజు మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడుతుంటే ఆ జనంలో ఎవరో చొక్కాకి పెట్టుకున్నది మన చేతిలోకి వస్తే దాని విలువ డాలర్లలో చెప్పలేం. దానికి నకళ్లు మాత్రం బోలెడు, జాగ్రత్త.

ఎన్నికలే కాకుండా స్మారక పిన్నులు ఇంకో పెద్ద లోకం. 1927లో లిండ్‌బర్గ్ విమానంలో ఒంటరిగా అట్లాంటిక్ దాటినప్పుడు చేసినవి, 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనరల్ మోటార్స్ మండపం చూసి వచ్చినవాళ్లకి ఇచ్చిన 'ఐ హావ్ సీన్ ద ఫ్యూచర్' అనే చిన్న నీలం పిన్ను, 1969 చంద్రయాత్రవి, ఇలా. కొత్తవాళ్లకి నేను వీటితో మొదలుపెట్టమనే చెప్తాను. ధరలు అందుబాటులో ఉంటాయి, నకళ్ల బెడద తక్కువ. 1976లో దేశానికి రెండువందల ఏళ్లు నిండినప్పటి పిన్నుల జోలికి మాత్రం పెట్టుబడి ఆశతో వెళ్లకండి. ఊరూరా చేశారు, అందరూ దాచుకున్నారు.

మనవాళ్ల కోణంలో ఒక దారి ఇప్పుడే తెరుచుకుంటోంది. 1956లో కాలిఫోర్నియా నుంచి కాంగ్రెస్‌కి గెలిచిన దలీప్ సింగ్ సౌంద్ దగ్గర్నుంచి, 2022లో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన, హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ దాకా భారతీయ మూలాలున్న అభ్యర్థుల ప్రచార వస్తువుల్ని ఒకచోట చేర్చవచ్చు. రాష్ట్ర, జిల్లా స్థాయి బటన్లని సేకరించేవాళ్లు 'లోకల్స్' అంటారు. అధ్యక్ష ఎన్నికల బటన్లతో పోలిస్తే ఇవి చాలా తక్కువ సంఖ్యలో తయారవుతాయి, ఎన్నిక అయిన మర్నాడే చెత్తబుట్టలోకి పోతాయి. ఇప్పుడు పట్టించుకోకపోతే ముప్పై ఏళ్ల తర్వాత ఎవరికీ దొరకవు.

ఇక్కడే ఒక ముఖ్యమైన హెచ్చరిక. అభ్యర్థి అధికారిక ప్రచార సంస్థ దగ్గర బటన్ కొంటే, ఇచ్చిన డబ్బు మొత్తం అమెరికా చట్టం దృష్టిలో ఎన్నికల విరాళమే. అమెరికా పౌరసత్వం, గ్రీన్ కార్డు రెండూ లేనివాళ్లు, అంటే హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు, విరాళం ఇవ్వడం నిషిద్ధం. రెండు డాలర్ల బటన్ అయినా అంతే. పాత బటన్‌ని వేరే సేకర్త దగ్గర కొనడానికి ఈ ఇబ్బంది లేదు. కాబట్టి ఎన్నిక ముగిసేదాకా ఆగి, సేకర్తల దగ్గర తీసుకోండి.

తిప్పండి, అంచు చదవండి

పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం, ఒక స్కేలు జేబులో పెట్టుకోండి. బటన్ చేతిలోకి తీసుకోగానే ముఖం చూడకుండా వెనక్కి తిప్పండి. ఈ అలవాటు పడటానికి నాకు ఏడాది పట్టింది.

మొదట మడత అంచు. బటన్ పక్కభాగం వెనక్కి తిరిగే చోట సన్నటి అక్షరాలుంటాయి. తయారుచేసిన కంపెనీ పేరు, ఊరు అక్కడే ఉంటాయి. నకలైతే ఆ సంగతి కూడా చాలాసార్లు అక్కడే ఉంటుంది. 1968లో క్లీనెక్స్ టిష్యూల కంపెనీ, 1972లో అమెరికన్ ఆయిల్ కంపెనీ పాత ఎన్నికల బటన్లకి నకళ్లు సెట్లు సెట్లుగా చేయించి జనంలోకి వదిలాయి. అవి మోసం కోసం చేసినవి కావు, అంచు మీద గుర్తు వేసే ఇచ్చారు. క్లీనెక్స్ వాటి మీద ఆ పేరు, అమెరికన్ ఆయిల్ వాటి మీద ఏ, ఓ అనే అక్షరాలు, 1972, ఒక నంబరు ఉంటాయి. తర్వాత అవి చేతికి వచ్చినవాళ్లలో కొందరు ఆ గుర్తు గోకేశారు, రంగు పూశారు, తుప్పు పట్టించారు. అంచు మీద ఒక్కచోటే గోకినట్టు ఉంటే ఆ బటన్ కింద పెట్టేయండి. నూరేళ్లు వాడిన బటన్ అంచంతా అరుగుతుంది, ఒక్క అంగుళం మేర మాత్రమే అరగదు.

తర్వాత పదార్థానికి, కాలానికి పొంతన ఉందా చూడండి. ఆ రెండు సెట్ల నకళ్లూ లితోలే. 1896 నుంచి 1916 దాకా అసలు బటన్లు దాదాపు అన్నీ సెల్లోలు. కాబట్టి మెకిన్లీ, బ్రయన్, థియొడర్ రూజ్‌వెల్ట్ బొమ్మ రేకు మీదే అచ్చయి కనిపిస్తే ఇంకేమీ చూడక్కర్లేదు, నకలే. ఈ ఒక్క ముక్క తెలిసుంటే నా 45 డాలర్లు మిగిలేవి.

మూడోది చిరునామా. అంచు మీద కంపెనీ చిరునామాలో ఐదంకెల జిప్ కోడ్ ఉందా? అమెరికాలో జిప్ కోడ్‌లు మొదలైంది 1963 జులైలో. 1960 కెన్నెడీ బటన్ అని చెప్తున్నదాని అంచున జిప్ కోడ్ ఉంటే అది ఆ ఎన్నికలో పుట్టింది కాదు. ఈ చిన్న లెక్కతో నేను ఇప్పటికి ఎన్ని వదిలేశానో.

వెనక కాగితం గురించి చాలామంది ఒక పొరపాటు చేస్తారు. వైట్‌హెడ్ అండ్ హోగ్ కాగితం మీద 'జులై 21, 1896' అన్న పేటెంటు తేదీ కనిపించగానే బటన్ 1896 నాటిదే అనుకుంటారు. అది పేటెంటు తేదీ మాత్రమే. అదే కాగితాన్ని కంపెనీ ఏళ్ల తరబడి వాడింది. అంటే ఆ తేదీకి ముందుది కాదని చెప్తుంది, ఆ తేదీదే అని చెప్పదు. మోసగాళ్లు మామూలు షాపు ప్రకటన బటన్ల వెనక కాగితం పీకి నకళ్లకి అంటించడం కూడా ఉంది. కాగితం అంచులు గుంటలో సహజంగా కూర్చున్నాయా, జిగురు కొత్తగా మెరుస్తోందా చూడండి.

ఇక ముఖం వైపు రండి. భూతద్దంలో చుక్కలు చూడండి. పాత అచ్చులో చుక్కలు వరసలు కట్టి ఉంటాయి, లేదా రంగు చదునుగా ఉంటుంది. ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద వేసినదైతే ఇసుక చల్లినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. అక్షరాల అంచులు మసకబారి ఉంటే అసలు బటన్‌ని స్కాన్ చేసి వేసినది కావచ్చు. ఎక్కడో అంచున చీమ తలకాయంత కార్మిక సంఘం ముద్ర ఉంటే మంచి సూచన. దాన్ని 'యూనియన్ బగ్' అంటారు. అది ఒక్కటే సాక్ష్యంగా సరిపోదు, నకలులో దాన్ని కూడా కాపీ కొడతారు. అసలు ముద్ర అక్షరాలు భూతద్దంలో చదవడానికి వీలుగా ఉంటాయి, కాపీలో ముద్దగా కలిసిపోతాయి.

1973లో వచ్చిన హాబీ ప్రొటెక్షన్ యాక్ట్ ప్రకారం రాజకీయ వస్తువులకి నకలు చేస్తే తయారైన సంవత్సరాన్ని దాని మీద చెరగకుండా వేయాలి. చట్టం ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి. అంతకు ముందు చేసినవాటికి అది వర్తించదు, తర్వాత చేసినవాళ్లందరూ పాటించలేదు.

అన్నిటికన్నా గుర్తుపట్టడం కష్టమైనవి ఇంకో రకం. అసలు ఆ ఎన్నికలో ఎప్పుడూ లేని బటన్‌ని తర్వాత ఎవరో కల్పించి చేస్తారు. 'ఫాంటసీ' అంటారు. పోల్చి చూడ్డానికి అసలే లేదు కాబట్టి మన దగ్గర ఆయుధం ఉండదు. పేరున్న వేలం సంస్థల పాత జాబితాల్లో ఆ డిజైన్ ఎక్కడైనా కనిపిస్తుందా అని వెతకండి. హేక్స్, హెరిటేజ్ లాంటి సంస్థలు తమ పాత వేలాల ఫోటోలు, ధరలు వెబ్‌సైట్లలో ఉంచుతాయి. అరుదైనది అని అమ్మేవాడు చెప్తున్న డిజైన్ వాటిలో ఎక్కడా లేకపోతే నేను కొనను.

ధర ఎక్కడి నుంచి వస్తుంది

పాతదైతే విలువ ఎక్కువ అనుకోవడం సహజం. నిజానికి ఎన్ని మిగిలాయి, ఎంతమందికి కావాలి అన్న రెండు ప్రశ్నలే ధరని తేలుస్తాయి. 1940లో రిపబ్లికన్ అభ్యర్థి విల్కీ తరఫువాళ్లు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కి మూడోసారి వద్దంటూ రకరకాల నినాదాల బటన్లు కుప్పలు కుప్పలుగా చేశారు. ఆయన భార్య పేరుతో 'ఎలినార్ కూడా మాకొద్దు' అన్న అర్థంలో కూడా ఒకటుంది. ఎనభై ఏళ్లు దాటినా చాలావాటికి కొద్ది డాలర్లే. 1952లో ఐసెన్‌హోవర్ కోసం చేసిన 'ఐ లైక్ ఐక్' చిన్న లితోలూ అంతే.

ఓడిపోయినవాళ్ల బటన్లు చౌక అనుకుంటే ఇంకా పెద్ద పొరపాటు. 1920లో డెమొక్రాట్ల తరఫున జేమ్స్ కాక్స్ అధ్యక్ష పదవికి, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డారు. ప్రచారానికి డబ్బుల్లేవు. ఇద్దరి ఫోటోలూ పక్కపక్కన ఉన్న బటన్లు అతి తక్కువ చేశారు. ఇలా జంట ఫోటోలున్నదాన్ని 'జుగేట్' అంటారు. ఈ సేకరణలో శిఖరం లాంటిది ఆ కాక్స్, రూజ్‌వెల్ట్ జుగేటే. 2022లో హేక్స్ వేలంలో ఒకటి 1,80,000 డాలర్లు దాటి పోయింది. 1924లో ఓడిన జాన్ డేవిస్ జుగేట్లకీ ఇదే కారణం చేత మంచి ధర.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ 1972ది. డెమొక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి మెక్‌గవర్న్‌తో జోడీగా ఉపాధ్యక్ష పదవికి నిలబడ్డ ఈగిల్టన్ మూడు వారాలు కూడా కాకుండానే తప్పుకున్నాడు. 'ఇక ఇవి అరుదవుతాయి' అని ఆ ఇద్దరి పేర్లున్న బటన్లని జనం ఎగబడి దాచుకున్నారు. దాచుకున్నవాళ్లు ఎక్కువ కాబట్టే ఇప్పుడు కూడా సులభంగా, చౌకగా దొరుకుతాయి. అందరూ దాచేది ఎప్పుడూ అరుదు కాదు. ఎవరైనా ఈ ఏడాది ఎన్నికల బటన్ల పెట్టె కొని పిల్లల చదువుకి దాస్తానంటే ఈ ఈగిల్టన్ సంగతి చెప్పండి.

కథ బలంగా ఉన్న బటన్‌కి గిరాకీ వేరు. 1901 అక్టోబరులో థియొడర్ రూజ్‌వెల్ట్ నల్లజాతి నాయకుడు బుకర్ టి. వాషింగ్టన్‌ని వైట్‌హౌస్‌లో భోజనానికి పిలిచాడు. దేశమంతా అట్టుడికిపోయింది. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చున్న బొమ్మ, కింద 'ఈక్వాలిటీ' అన్న మాట ఉన్న బటన్ కోసం సేకర్తలు ఇప్పటికీ పోటీ పడతారు. నేను ఒక ప్రదర్శనలో అద్దం వెనక చూశాను, అంతే. పంక్తిభోజనం మీద మన ఊళ్లలో ఎన్ని గొడవలు జరిగాయో విని పెరిగినవాణ్ని కాబట్టి ఆ అంగుళంపావు బిళ్ల ముందు నుంచి కదల్లేకపోయాను.

ఎక్కడ కొనాలి

ఎస్టేట్ సేల్‌కి వెళ్లండి. పెద్దవాళ్లు పోయాక ఇంట్లో సామాను అమ్మేటప్పుడు డ్రాయర్లలోంచి బటన్లు బయటికొస్తాయి, అవి ఆ ఇంట్లో ఎవరు పెట్టుకున్నవో కూడా తెలుస్తుంది. అమ్మేవాళ్లు బంధువులైతే మర్యాదగా అడగండి, చెప్పింది రాసుకోండి. అక్కడ బేరం గట్టిగా ఆడకండి, వాళ్లు దుఃఖంలో ఉంటారు.

నేర్చుకోవడానికి మాత్రం సేకర్తల ప్రదర్శనలే సరైన చోటు. 1945లో మొదలైన అమెరికన్ పొలిటికల్ ఐటమ్స్ కలెక్టర్స్ అనే సంఘం ఉంది, ఏపిక్ అంటారు. ఆ సభ్యులు జరిపే ప్రదర్శనల్లో పెద్దవాళ్లు తమ బల్ల మీది వాటిని చేతికిచ్చి చూడమంటారు. కొత్తవాళ్లు తక్కువైపోతున్నారన్న బెంగ వాళ్లకి ఉంది, అడిగితే ఎంతసేపైనా చెప్తారు. ఒకాయన నాకు అసలు, నకలు రెండూ కళ్లు మూసుకుని తడిమి తేడా చెప్పడం నేర్పించాడు.

ఈబేలో కొనేటప్పుడు వెనక వైపు ఫోటో, అంచు ఫోటో లేనిదే డబ్బు కట్టకండి. అడిగితే పంపనివాళ్ల దగ్గర కొనకండి. ఎంత వెడల్పో కూడా అడగండి. అసలు అంగుళానికి ఎనిమిదో వంతు తక్కువ ఉండే డిజైన్, అమ్మేవాడి దగ్గర అంగుళంన్నర ఉంటే అక్కడే తేలిపోతుంది.

ఇంట్లో ఎలా దాచాలి

నీళ్లు తగలనివ్వకండి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. సెల్లోని తడిగుడ్డతో తుడిస్తే అంచులోంచి చెమ్మ లోపలికి పోయి పొర కింద కాగితం మీద గోధుమరంగు మరకలు పడతాయి. 'ఫాక్సింగ్' అంటారు, ఒకసారి పడితే పోదు. సబ్బు, సోడా, చింతపండు, టూత్‌పేస్టు, ఏదీ వద్దు. ఇత్తడి దీపాలు తోమే అలవాటున్న ఇంట్లో ఈ మాట నలుగురికీ చెప్పి పెట్టండి. పొడి మెత్తటి గుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. తుప్పు ఉంటే ఉండనివ్వండి.

ఎండ ఇంకో శత్రువు. ఎరుపు రంగు ముందు వెలిసిపోతుంది. కిటికీ ఎదురుగా ఫ్రేము కట్టి గోడకి వేలాడదీస్తే రెండు మూడు వేసవులకి తేడా కనిపిస్తుంది. అద్దం మూత, లోపల దూది పరుపు ఉన్న పల్చటి పెట్టెలు దొరుకుతాయి, 'రైకర్ మౌంట్' అంటారు. వాటిలో పడుకోబెట్టి, చెమ్మలేని గదిలో అల్మారాలో ఉంచండి. బేస్‌మెంటు, అటక రెండూ పనికిరావు. పాత సెల్యులాయిడ్ మెల్లగా ఆమ్ల వాయువు వదులుతుంది, త్వరగా అంటుకుంటుంది కూడా. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో బిగించకండి, పొయ్యికి, హీటరుకి దూరంగా ఉంచండి. ఏదైనా బటన్ జిగటగా అయినా, కర్పూరం లాంటి వాసన ఘాటుగా వచ్చినా వెంటనే మిగతావాటి నుంచి వేరుచేయండి.

ప్రతి బటన్‌కీ ఒక చిన్న చీటీ రాయండి. ఎప్పుడు, ఎక్కడ, ఎంతకి కొన్నారు, అమ్మినవాళ్లు ఏం చెప్పారు. బటన్ వెనక అంటించకండి, విడిగా ఒక నంబరుతో పెట్టండి. అమ్మే రోజు వచ్చినప్పుడు ఈ చీటీయే మీకు రసీదు, కొనేవాళ్లకి నమ్మకం.

అమ్మడం

ముందు ధర తెలుసుకోండి. ఈబేలో జనం అడుగుతున్న ధరలు చూసి మోసపోకండి. 'అమ్ముడైనవి' అని వడపోసి చూడండి. మూడు వందలు అడుగుతున్న బటన్ వాస్తవంగా పన్నెండు డాలర్లకి పోతూ ఉండవచ్చు. కనీసం ఐదారు అమ్మకాలు చూశాకే ఒక అంచనాకి రండి. మీ బటన్ మీద ఉన్న మరకలే వాటి మీద కూడా ఉన్నాయో లేదో పోల్చండి, ఒక్క మరకకి ధర సగం కావచ్చు.

మామూలువాటిని ఒక్కొక్కటిగా అమ్మితే పోస్టు ఖర్చే తినేస్తుంది. ఒకే ఎన్నికవో, ఒకే నాయకుడివో పది పదిహేను కలిపి ఒక కట్టగా పెట్టండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వాటినే వెతుక్కుంటారు. మంచివాటిని విడిగా, వేలం పద్ధతిలో పెట్టండి. వందల డాలర్లు దాటుతుందనుకున్నది ఉంటే ప్రత్యేక వేలం సంస్థకి ఇవ్వడమే మేలు. కమిషన్ ఎంత, ఫోటోలకి ఖర్చుందా, అమ్ముడుపోకపోతే ఏమిటి, డబ్బు ఎన్నాళ్లకిస్తారు, ఈ నాలుగూ కాగితం మీద రాయించుకున్నాకే వస్తువు చేతికివ్వండి. ఈబే రుసుము కూడా తక్కువేం కాదు, 13 శాతం పైనే పోతుందని లెక్కేసుకోండి.

ఫోటో కన్నా స్కానర్ నయం. బటన్‌ని స్కానర్ అద్దం మీద బోర్లా పెట్టి, మూత వేయకుండా నల్లగుడ్డ కప్పి తీస్తే రంగు నిజంగా వస్తుంది, దీపం మెరుపు పడదు. వెనక వైపు కూడా తీయండి. అంచు మాత్రం ఫోనుతో దగ్గరగా తీయండి. మీరు కొనేటప్పుడు ఏమేం అడిగారో అవన్నీ అడగకుండానే చూపించండి.

నాణేలకి ఉన్నట్టు బటన్లకి అందరూ ఒప్పుకున్న గ్రేడులు లేవు. 'చాలా బాగుంది' అని రాస్తే ఏమీ చెప్పనట్టే. గడియారం లెక్కన చెప్పండి: '4 గంటల దగ్గర అంచు మీద చిన్న మరక, ముఖం మీద వాలుగా చూస్తే కనిపించే ఒక గీత, వెనక కాగితం లేదు, పిన్ను గట్టిగా ఉంది.' లోపం దాచితే ఆ వస్తువు తిరిగొస్తుంది, పేరు పోతుంది. ఈ సేకర్తల లోకం చిన్నది. నకలు మీ దగ్గరికి వచ్చి ఉంటే నకలు అనే రాసి అమ్మండి, లేదా ఉంచుకోండి. నా 1972 మెకిన్లీని నేను అమ్మలేదు. కొత్తవాళ్లకి చూపించడానికి పెట్టెలో అన్నిటికన్నా ముందు వరసలో పెట్టుకున్నాను.

పంపేటప్పుడు మామూలు కవరులో వేయకండి, పోస్టాఫీసు యంత్రం రోలర్ల మధ్య నలిగిపోతుంది. చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి, రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, టేపు బటన్‌కి తగలకుండా చుట్టి, చిన్న పెట్టెలో సర్దండి. ట్రాకింగ్ తీసుకోండి. ఖరీదైనదైతే ఇన్సూరెన్సు కూడా.

డబ్బు విషయంలో రెండు మాటలు. ఏడాదికి మించి మీ దగ్గరుంచుకున్న సేకరణ వస్తువుని లాభానికి అమ్మితే అమెరికాలో ఆ లాభం మీద పన్ను గరిష్ఠంగా 28 శాతం దాకా ఉండవచ్చు, షేర్ల లెక్క వేరు, దీని లెక్క వేరు. కొన్న ధర రాసిన చీటీ అప్పుడు అక్కరకొస్తుంది. రెండోది వీసా సంగతి. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు సొంత సేకరణలోంచి అప్పుడొకటి ఇప్పుడొకటి అమ్ముకోవడం వేరు, లాభం కోసం క్రమం తప్పకుండా కొని అమ్మడం వేరు. రెండోది అనుమతి లేని పని కింద లెక్కకి రావచ్చు. ఈబేలో దుకాణం తెరిచే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. రెండు వందల డాలర్ల కోసం స్టేటస్ టెన్షన్ తెచ్చుకోవద్దు.

మన ఇంటి పెట్టెలో దొరికితే

ఇది చదివాక ఊళ్లో తాతగారి ట్రంకు పెట్టె గుర్తొచ్చేవాళ్లు కొందరుంటారు. కాంగ్రెస్ మహాసభల ప్రతినిధుల బ్యాడ్జీలు, వాలంటీర్ల బ్యాడ్జీలు, 1983 ఎన్నికల నాటి సైకిల్ గుర్తు బ్యాడ్జీలు మన ఇళ్లలోనూ ఉండే అవకాశం ఉంది. వాటికి అమెరికా బటన్లకి ఉన్నట్టు జాబితాలు లేవు. కాబట్టి ఈబేలో ఎవరో పెట్టిన ధర చూసి అమ్మేయకండి.

చట్టం కూడా తెలుసుకోండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు నిండిన చారిత్రక వస్తువు పురావస్తువు కిందికి వస్తుంది. దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం, అమ్మే వ్యాపారానికి లైసెన్సు కావాలి. కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది 1923 డిసెంబరులో. అప్పటి బ్యాడ్జీ ఎవరింట్లోనైనా ఉంటే దానికి నూరేళ్లు నిండిపోయాయి. సూట్‌కేసులో వేసుకుని అమెరికా తెచ్చేద్దాం అనుకోకండి. ముందూ వెనకా ఫోటో తీయండి, వెడల్పు కొలవండి, పొడిగా ఉండే డబ్బాలో పెట్టండి. ఇంట్లో పెద్దవాళ్లుంటే అది ఎవరిదో, ఎక్కడ పెట్టుకున్నారో వాళ్లని అడిగి, ఫోనులో గొంతు రికార్డు చేసి, ఆ ఫైలుకి బ్యాడ్జీ నంబరే పేరుగా పెట్టుకోండి.